కొత్త ఇంజిన్ని బుజ్జగిస్తే ఆయిల్ తాగుతుంది

ప్రశ్న: బేగంపేటలో ఒక ఫ్లయింగ్ స్కూల్ మెయింటెనెన్సులో పనిచేస్తున్నాను. మా సెస్నా 172ఎస్‌కి ఓవర్‌హాల్ అయిన లైకమింగ్ ఐఓ-360-ఎల్2ఏ ఇంజిన్ వచ్చింది, వచ్చే వారం బిగిస్తాం. మా సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ గారు "కొత్త బండిని ఎలా చూసుకుంటాం? ఇదీ అంతే. మొదటి పాతిక గంటలు థ్రాటిల్ ఎక్కువ ఇవ్వొద్దు, స్టూడెంట్లతో సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి దిగడం, మళ్లీ లేవడం) చేయించి గంటలు పూర్తిచేద్దాం" అంటున్నారు. కిందటిసారి అలాగే చేశాం. ఆ ఇంజిన్ రెండు మూడు గంటలకో క్వార్ట్ (సుమారు లీటరు) ఆయిల్ తాగుతూ వచ్చి, ఆఖరికి సిలిండర్లు విప్పించింది. ఈసారి ఎలా చెయ్యాలి? స్టోర్లో డబ్ల్యూ100 ఆయిల్ బోలెడుంది, అదే పొయ్యొచ్చా? ఎండలు ముదిరాయి, ఇప్పుడే నడపాలా, ఆగాలా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మీ ఇన్‌స్ట్రక్టర్ గారి జాగ్రత్తను తప్పుపట్టలేం, కానీ ఆ జాగ్రత్తే కిందటి ఇంజిన్ని పాడుచేసి ఉండాలి. గాలితో చల్లబడే విమానం ఇంజిన్‌కి మొదటి గంటల్లో కావలసింది గట్టి పని, దాంతోపాటు బోలెడు చల్లగాలి. తక్కువ పవర్‌తో చేసే సర్క్యూట్లలో ఈ రెండూ దొరకవు.

ఎందుకో ముందు చూద్దాం. ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తడుతుంది. సిలిండర్ లోపలి గోడను అద్దంలా నున్నగా వదలరు. హోనింగ్‌లో, అంటే గోడను సానపట్టేటప్పుడు, కావాలనే దానిమీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు గీస్తారు. రోటికి గాట్లు కొట్టించినట్టే అనుకోండి, గాట్లు పోయి నున్నబడ్డ రోట్లో పప్పు జారుతుందే తప్ప నలగదు. ఆ గీతల మధ్య మిట్టలుంటాయి. పిస్టన్ రింగులు ఆ మిట్టల కొసల్ని అరగదీసి, తాము కూడా కాస్త అరిగి, గోడకి సరిగ్గా అతుక్కోవాలి. రింగులు కూర్చోవడమంటే ఇదే. గీతల లోతు మాత్రం అలాగే మిగిలి ఆయిల్ని పట్టుకుంటుంది.

రింగుకి ఉన్న సొంత స్ప్రింగ్ బలం తక్కువ. దాన్ని గోడకేసి అదిమేది మండుతున్న వాయువు. అది పైనుంచి పిస్టన్ గాడిలోకి దూరి, రింగు వెనక్కి చేరి బయటికి నెడుతుంది. పవర్ పెంచితే ఆ అదుము పెరుగుతుంది, ఆయిల్ పొర తెగుతుంది, మిట్టలు అరుగుతాయి. పవర్ తగ్గిస్తే రింగు ఆయిల్ పొరమీద తేలుతూ పోతుంది. గోడమీద మిగిలిపోయిన ఆ ఆయిల్ వేడికి మాడి, గట్టి వార్నిష్‌లా గీతల్ని పూడ్చేస్తుంది. దీన్నే గ్లేజింగ్ అంటారు. ఒకసారి గ్లేజ్ పట్టాక ఎంత పవర్ పెట్టినా, ఏ ఆయిల్ మార్చినా లాభం ఉండదు. సిలిండర్ విప్పి, మళ్లీ హోనింగ్ చేసి, కొత్త రింగులు వెయ్యాల్సిందే. కిందటిసారి మీరు విప్పిన సిలిండర్ల గోడలు నున్నగా మెరుస్తూ ఉండి ఉంటే కారణం ఇదే.

కాగితాల్లో ఏది ముందు

అన్నిటికంటే ముందు మీ ఓవర్‌హాల్ షాపు ఇంజిన్‌తోపాటు పంపిన బ్రేక్-ఇన్ కాగితం (కొత్త ఇంజిన్ని మొదటి గంటల్లో ఎలా నడపాలో చెప్పేది, దీన్నే రన్-ఇన్ అనీ అంటారు). సిలిండర్లు ఎవరివి, గోడ ఏ రకం, రింగులు ఏ రకం అన్నది వాళ్లకే తెలుసు, వారంటీ కూడా దానిమీదే నడుస్తుంది. ఆ తర్వాత లైకమింగ్ సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్లు: రన్-ఇన్‌కి 1427, ఆయిల్‌కి 1014, స్టార్టుకి ముందు ఆయిల్ ఎక్కించడానికి 1241. మూడింటికీ తాజా రివిజన్ దగ్గర పెట్టుకోండి. కింద రాసే అంకెలకీ వాటికీ తేడా వస్తే వాటినే నమ్మండి.

సిలిండర్ రంగు కూడా ఒకసారి చూడండి. లైకమింగ్ పద్ధతిలో నీలం పట్టీ ఉంటే నైట్రైడ్ చేసిన (నైట్రోజన్‌తో గట్టిపరిచిన) గోడ, నారింజ ఉంటే క్రోమ్ ప్లేటింగ్. క్రోమ్ గోడకి క్రోమ్ రింగులు ఎప్పుడూ వెయ్యకూడదు, రెండూ ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి. క్రోమ్ గోడలకి రింగులు కూర్చోవడానికి ఎక్కువ గంటలు పడుతుంది కాబట్టి పది గంటలకే కంగారు పడక్కర్లేదు.

ఆయిల్

డబ్ల్యూ100 ఇప్పుడు పొయ్యొద్దు. పేరులో డబ్ల్యూ ఉన్నది యాష్‌లెస్ డిస్పర్సెంట్ ఆయిల్, అంటే బూడిద మిగల్చకుండా మురికిని తనలో తేల్చి ఉంచే రకం. మీ ఇంజిన్‌కి మొదట పొయ్యాల్సింది డబ్ల్యూ లేని మామూలు మినరల్ ఆయిల్. ఏరోషెల్ 100 అంటే చిక్కదనంలో ఎస్‌ఏఈ 50, 120 అంటే ఎస్‌ఏఈ 60. లైకమింగ్ పట్టిక ప్రకారం 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన వాతావరణానికి 50, 80 దాటితే 60. మన ఏప్రిల్ మధ్యాహ్నాలు 100 ఫారెన్‌హీట్ దాటిపోతాయి. తెల్లవారుజామునే ఎగిరేటట్టయితే 100 సరిపోతుంది, పగలు కూడా తిప్పక తప్పదంటే 120 చూడండి. 50 గంటలు నిండేదాకా, లేదా ఆయిల్ వాడకం నిలకడకి వచ్చేదాకా మినరలే. ఆ తర్వాత మీ స్టోర్లోని డబ్ల్యూ100 నిక్షేపంగా వాడుకోవచ్చు, పారబోయక్కర్లేదు.

ఈ ఆయిల్ విషయాన్ని మాత్రం వేదవాక్కు చేసుకోకండి. లైకమింగే తన టర్బో ఇంజిన్లు కొన్నిటికి మొదటినుంచీ డిస్పర్సెంట్ ఆయిలే పొయ్యమంటుంది, వాటి రింగులూ చక్కగానే కూర్చుంటున్నాయి. మినరల్ ఆయిల్ పోసి సర్క్యూట్లు తిప్పిన ఇంజిన్‌కంటే డబ్ల్యూ100 పోసి 75 శాతం పవర్‌తో నడిపిన ఇంజిన్‌కే మంచి జరుగుతుందని మా అభిప్రాయం. అయినా తయారీదారు చెప్పిందే చెయ్యండి, వారంటీ గొడవ రాకుండా. బయట దొరికే ఎడిటివ్‌లు ఏవీ కలపొద్దు.

బిగించేటప్పుడు

చల్లగాలి అంతా బ్యాఫిళ్ల (గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకుల) చలవే. వాటి రబ్బరు సీళ్లు కౌలింగ్‌కి (ఇంజిన్ మీది కప్పుకి) లోపలివైపు, అంటే గాలి ఒత్తిడి వచ్చే వైపుకి వంగి ఆనాలి. వెనక్కి మడతపడితే గాలి అటునుంచే జారిపోతుంది. సిలిండర్ల మధ్య కింద ఉండే చిన్న రేకులు చాలామంది మర్చిపోయేవి. చీకట్లో కౌలింగ్ లోపల టార్చి పెట్టి, బయటినుంచి వెలుగు ఎక్కడ కనిపిస్తుందో చూసి, అక్కడ హై టెంపరేచర్ సీలెంట్ పట్టించండి. ఆయిల్ కూలర్ చుట్టూ ఖాళీ ఉండకూడదు. పాత ఇంజిన్ మీదినుంచి తీసిన కూలర్‌నీ గొట్టాల్నీ బాగా కడిగించకుండా కొత్త ఇంజిన్‌కి తగిలించకండి. పాత లోహపు రజను కొత్త బేరింగుల్లోకి వెళ్లేది అక్కడినుంచే. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వెయ్యండి.

ఆర్‌పీఎం మీటర్ని ఆప్టికల్ టాకోమీటర్‌తో సరిచూడండి. అది 80 ఎక్కువ చూపిస్తుంటే మీరు 75 శాతం అనుకున్నది 75 శాతం కాదు, పడ్డ శ్రమంతా వృథా.

మొదటి స్టార్టుకి ముందు ఆయిల్ ఎక్కించడం తప్పనిసరి. వరస ఇది. నిల్వలో తుప్పు పట్టకుండా పోసిన ప్రిజర్వేటివ్ ఆయిల్ పూర్తిగా దించండి. తేమ పీల్చే డెసికెంట్ ప్లగ్గులు తీసేసి, కింది స్పార్క్ ప్లగ్ రంధ్రాల్లోంచి సిలిండర్లో మిగిలిన నూనె కారిపోనివ్వండి. అది ఉండగా స్టార్టర్ తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. సంప్‌లో (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) 8 క్వార్టులు పొయ్యండి. ఫ్యూయల్ ఆఫ్, మిక్స్చర్ కటాఫ్, మ్యాగ్నెటోలు (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు ఇచ్చేవి) ఆఫ్, ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ లేకుండా చూసుకోండి. ప్రతి సిలిండర్‌కి ఒక ప్లగ్గు తీసి ఉంచి, గ్రౌండ్ పవర్ పెట్టి స్టార్టర్‌తో పది పదిహేను సెకన్లు తిప్పండి. ఆయిల్ ప్రెషర్ 20 పీఎస్ఐ చూపించాలి. రాకపోతే ఆపండి, స్టార్టర్‌ని చల్లారనివ్వండి, ఎక్కడైనా గాలి పట్టిందేమో చూడండి. ప్రెషర్ వచ్చాక ప్లగ్గులు బిగించి వెంటనే స్టార్ట్ చెయ్యాలి. ఇవాళ ఆయిల్ ఎక్కించి రేపు స్టార్ట్ చేస్తామంటే రేపు మళ్లీ ఎక్కించాల్సిందే.

స్టార్టయ్యాక 30 సెకన్లలో ప్రెషర్ లేకపోతే ఆపెయ్యండి. కౌలింగ్ బిగించే ఉంచండి, ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి, 1000 నుంచి 1200 ఆర్‌పీఎం మధ్య వేడెక్కనివ్వండి. మ్యాగ్నెటో చెక్, లీకులు చూడటం, అంతే. నేలమీద గడిపే ప్రతి నిమిషమూ గ్లేజింగ్‌కి ఇచ్చే నిమిషమే.

మన ఊళ్లో ఎప్పుడు ఎగరాలి

ఇక్కడే హైదరాబాద్ వాళ్లకి అసలు చిక్కు. టర్బో లేని ఇంజిన్ 75 శాతం పవర్ ఇవ్వాలంటే గాలి చిక్కగా ఉండాలి. రన్-ఇన్ ఫ్లయిట్‌కి డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి ఎంత పలచబడిందో ఎత్తు లెక్కలో చెప్పే అంకె) 5000 అడుగుల లోపు ఉంటే మంచిదని లైకమింగ్ చెప్తుంది, 8000 దాటితే సరిపడా పవరే రాదంటుంది. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి సుమారు 1740 అడుగుల ఎత్తులో ఉంది. ఆ ఎత్తుకి ప్రామాణిక ఉష్ణోగ్రత 11.5 డిగ్రీల సెల్సియస్. మధ్యాహ్నం 40 డిగ్రీలున్న రోజు తేడా 28.5, డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3420. అంటే చక్రాలు ఇంకా నేలమీద ఉండగానే డెన్సిటీ ఆల్టిట్యూడ్ 5100 దాటేసింది! అదే తెల్లవారి 26 డిగ్రీలుంటే నేలమీద 3500 లోపే. చలికాలం ఉదయం 16 డిగ్రీలకైతే 2300 లోపే.

అందుకని ఆగక్కర్లేదు గానీ, వేళ మార్చండి. తెల్లవారగానే చక్రాలు లేవాలి, ఎనిమిదిన్నరకల్లా దిగిపోవాలి. ఎత్తు విషయంలో ఇంకో మాట. 5000 కోసమని ఇళ్లమీద వెయ్యి అడుగుల్లో కొత్త ఇంజిన్‌తో తిరగకండి. బేగంపేట చుట్టూ ఊరే కదా, ఇంజిన్ ఆగితే దిగడానికి చోటుండదు. నేలమీదినుంచి 2000 అడుగులు ఉంచుకుంటే ఆ తెల్లవారు వేడిలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ 5500కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. సిఫార్సు దాటినా హద్దు లోపలే, 75 శాతం ఇంకా దొరుకుతుంది. ఈ బేరంలో ఎత్తుకే ఓటెయ్యండి.

టవర్‌తో ముందురోజే మాట్లాడుకోండి. సర్క్యూట్లు కాదు, రెండున్నర గంటలు ఒకే ఎత్తులో నిలకడగా ఎగరాలని స్పష్టంగా చెప్పండి. వీఐపీ విమానాల రాకపోకలున్న రోజు పెట్టుకోకండి. హోల్డింగ్ పాయింట్‌లో పది నిమిషాలు దాటి ఆపితే మొహమాటపడకుండా వెనక్కొచ్చి ఇంజిన్ ఆపెయ్యండి. వేడెక్కిన కొత్త ఇంజిన్‌ని క్యూలో నిలబెట్టడంకంటే ఆ రోజు వదులుకోవడమే లాభం.

మొదటి ఫ్లయిట్

పైలట్, గేజులు చూసి రాసుకునే మనిషి. స్టూడెంట్ వద్దు. ట్యాంకులు నింపుకోండి. వాడుకోగలిగేది 53 గాలన్లు, రిచ్ మిక్స్చర్‌లో (గాలితో పోలిస్తే ఇంధనం ఎక్కువ కలిపితే) గంటకి 12, 13 పోయినా పని పూర్తై రిజర్వు మిగులుతుంది.

టేకాఫ్ ఫుల్ పవర్‌తోనే. ఇక్కడ సగం థ్రాటిల్ పెట్టి ఇంజిన్ని కాపాడదామనుకోవద్దు, ప్రమాదం. పైకెక్కేటప్పుడు మాత్రం ముక్కు దించి ఉంచండి. 172ఎస్‌కి వేగంగా ఎత్తుకెళ్లే స్పీడు 74 నాట్లు, మీరు 85 నుంచి 90లో ఎక్కండి. ఎత్తు నెమ్మదిగా వస్తుంది, కౌలింగ్‌లోకి గాలి బాగా పోతుంది. మొదట ఫీల్డ్‌కి అందుబాటులోనే ఉండి ప్రెషర్లు, టెంపరేచర్లు అన్నీ చూసుకుని, అప్పుడు లోకల్ ఫ్లయింగ్ ఏరియాకి వెళ్లండి.

మొదటి గంట 75 శాతం పవర్, సమతలంగా, మిక్స్చర్ బెస్ట్ పవర్‌లో లేదా ఇంకా రిచ్‌గా. ఏ ఆర్‌పీఎంకి 75 శాతమో మాన్యువల్ పట్టికలో ఆ రోజు ఎత్తుకీ ఉష్ణోగ్రతకీ చూసి ముందే కాగితం మీద రాసుకోండి. రెండో గంట 65కీ 75కీ మధ్య మారుస్తూ ఉండండి. తర్వాత, అన్నీ హద్దుల్లో ఉంటేనే, మాన్యువల్ అనుమతించే గరిష్ఠ పవర్‌తో అరగంట. ఇంధనం మిగల్చాలని లీన్ చేశారో, అంటే మిక్స్చర్‌లో ఇంధనం తగ్గించారో, వేడి పెరిగి మొదటికే మోసం వస్తుంది.

సిలిండర్ హెడ్ టెంపరేచర్ హద్దు 500 డిగ్రీల ఫారెన్‌హీట్ అని పుస్తకంలో ఉంటుంది. అది ఆఖరి హద్దు, దాని దాకా వెళ్లకూడదు. ఎక్కువసేపు నడిపేటప్పుడు 435 దాటొద్దని లైకమింగే అంటుంది, కొత్త ఇంజిన్‌ని మేమైతే 420 దగ్గరే పట్టుకోమంటాం. పెరుగుతుంటే వరసగా చెయ్యండి: మిక్స్చర్ ఇంకా రిచ్, ముక్కు దించి స్పీడు పెంచడం, అప్పటికీ తగ్గకపోతేనే పవర్ కొంచెం తగ్గించడం. ఒక్క సిలిండరే వేడిగా ఉంటే ముందు బ్యాఫిల్నీ, ఇంజెక్టర్ నాజిల్‌నీ, ఇన్‌టేక్ లీకునీ అనుమానించండి. నాలుగూ వేడిగా ఉంటే రాపిడి, కొత్తదనానికి సహజం. ఆయిల్ టెంపరేచర్ హద్దు 245, 180 నుంచి 200 మధ్య ఉంటే సంతోషం.

దిగేటప్పుడు థ్రాటిల్ ఒక్కసారిగా మూసెయ్యకండి. కాస్త పవర్ ఉంచి నిమిషానికి 400, 500 అడుగుల చొప్పున దిగండి. గ్లైడ్‌లో ప్రొపెల్లరే ఇంజిన్ని తిప్పుతుంది. అప్పుడు రింగు వెనక ఒత్తిడి ఉండదు, ఆయిల్ పైకి ఎక్కుతుంది.

కిందకి రాగానే కౌలింగ్ విప్పి లీకులు చూడండి. ఇంజిన్ చల్లారాక ఎగ్జాస్ట్ నట్లు, ఇన్‌టేక్ క్లాంపులు, రాకర్ కవర్ స్క్రూలు మళ్లీ టార్క్ చెయ్యండి, మొదటి వేడికి గాస్కెట్లు కుదించుకుంటాయి. ఫిల్టర్ తీసి కోసి చూడండి. కట్టర్‌తోనే కొయ్యాలి, రంపం వద్దు, రంపపు రజనే లోహంలా కనిపించి మిమ్మల్ని భయపెడుతుంది. మడతలన్నీ తెల్ల గుడ్డమీద పరిచి అయస్కాంతం తిప్పండి. వెంట్రుకలాంటి సన్నటి మెరుపులు కొన్ని ఉండటం మామూలే. గోటితో ఎత్తగలిగేంత తునక కనిపిస్తే మళ్లీ ఎగరక ముందే షాపుతో మాట్లాడండి. కొత్త ఫిల్టర్ రబ్బరుకి గ్రీజు రాసి, దానిమీద రాసి ఉన్న టార్కుకే బిగించి, సేఫ్టీ వైర్ వెయ్యండి.

ఆ తర్వాతి 50 గంటలు

స్కూలు విమానాన్ని 50 గంటలు ఖాళీగా ఉంచలేరు, తెలుసు. ఆ అవసరమూ లేదు. స్టూడెంట్ల క్రాస్ కంట్రీలన్నీ ఈ విమానానికే వెయ్యండి. గంటా గంటన్నర పాటు ఒకే ఎత్తులో 65 నుంచి 75 శాతంతో పోయే ప్రయాణం రింగులకి అచ్చంగా కావలసిందే. సర్క్యూట్లు, ఫోర్స్‌డ్ ల్యాండింగ్ ప్రాక్టీసు, స్లో ఫ్లయిట్, స్టాల్స్ మాత్రం ఆయిల్ వాడకం నిలకడయ్యేదాకా వేరే విమానంలో. గంటలు ఎన్నయ్యాయన్నది కాదు, ఎలాంటి గంటలన్నదే లెక్క. ఈ సంగతి ఫ్లయిట్ షెడ్యూలు వేసేవాళ్లకి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాట రెండో రోజుకి మర్చిపోతారు.

మొదటి ఆయిల్ మార్పు 10 గంటలకే చేస్తే మేలు, 25 దాటనివ్వద్దు. మినరల్ ఆయిల్ మురికిని తనలో తేలనివ్వదు, అడుగున పేరుస్తుంది. అందుకే తొందరగా మార్చడం.

ఆయిల్ వాడకం లెక్కకి డిప్‌స్టిక్ ఒక్కటే ఆధారం కాబట్టి ఒకే పద్ధతిలో చూడాలి: ఏప్రాన్‌లో (విమానాలు నిలిపే చోట్లో) అదే జాగాలో, ఇంజిన్ ఆపాక అంతే సేపు ఆగి, వీలైతే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు. మొదట 8 క్వార్టులు పోసింది ఫిల్టర్, కూలర్, గొట్టాలు నిండటానికి. తర్వాత 7కి మించి టాప్-అప్ చెయ్యకండి. పైనున్న క్వార్ట్‌ని ఈ ఇంజిన్లు బ్రీదర్ గొట్టంలోంచి (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టంలోంచి) విమానం పొట్టకిందికి ఉమ్మేస్తాయి, మీరేమో రింగులు కూర్చోలేదని బెంగపడతారు. 5కి దిగనివ్వకండి. పోసిన ప్రతిసారీ ఇంజిన్ గంటలతో సహా రాసుకోండి.

లైకమింగ్ ఒప్పుకునే గరిష్ఠ వాడకానికి లెక్క ఉంది: 0.006ని హార్స్‌పవర్‌తో గుణించి, దాన్ని 4తో గుణించి, 7.4తో భాగించాలి. మీ 180 హార్స్‌పవర్‌కి గంటకి 0.58 క్వార్ట్. అంత తాగినా ఎగరొచ్చని అర్థమే గానీ ఆరోగ్యంగా ఉందని కాదు. మొదటి పది గంటల్లో మూడు నాలుగు గంటలకో క్వార్ట్ పోయినా పట్టించుకోకండి. తర్వాత వాడకం తగ్గి, ఎనిమిది పది గంటలకో క్వార్ట్ దగ్గరో, ఇంకా మెరుగ్గానో నిలబడాలి. దానికి ముందే సిలిండర్ టెంపరేచర్లు కొద్దిగా పడతాయి. నాలుగూ ఒకేరోజు పడవు, ఒక్కోటి ఒక్కోసారి.

50 గంటలైనా మూడు గంటలకో క్వార్ట్ పోతూ, కింది ప్లగ్గులు నల్లగా తడిగా వస్తుంటే బోరోస్కోప్ (సిలిండర్ లోపల చూపించే సన్నటి కెమెరా) పెట్టండి. గోడమీద అడ్డగీతలు స్పష్టంగా కనిపిస్తే ఇంకా ఆశ ఉంది, మరికొన్ని గంటలు 75 శాతంతో క్రాస్ కంట్రీలు నడిపి చూడండి. గీతలు మాసిపోయి గోధుమరంగు మెరుపు కనిపిస్తే ఆ సిలిండర్ విప్పాల్సిందే. అయితే స్పానర్ పట్టుకునే ముందు ఆ ఫోటోలు, మీరు రాసిన ఆయిల్ లెక్క, మొదటి ఫ్లయిట్ టెంపరేచర్ల కాగితం మూడూ ఓవర్‌హాల్ షాపుకి పంపండి. మీ చేత్తో విప్పేశాక వారంటీ అడిగితే ఎవరూ వినరు.